డ్రమ్ముల మీద మట్టి కప్పేస్తే సరిపోతుందా?

ప్రశ్న: మాది సంగారెడ్డి జిల్లాలో ఒక పల్లె. మూడెకరాల పొలం, ఒక బోరు ఉన్నాయి. మా గట్టు పక్కనే బాబాయిది ఎకరంన్నర పడావు భూమి. అందులో పాత రాళ్ళ క్వారీ గుంత ఉంది. ‘బూడిద పోసి చదును చేసిస్తాం’ అని ఒక మధ్యవర్తి వస్తే బాబాయి నలభై వేలు తీసుకుని ఒప్పుకున్నాడు. కాగితం ఏమీ రాసుకోలేదు. నాలుగు రాత్రులు లారీలు వచ్చాయి. తర్వాత చూస్తే బూడిద కింద నీలం డ్రమ్ములు ఉన్నాయి. కొన్ని పగిలి నల్లటి జిగట కారుతోంది, ముక్కు పగిలే వాసన. మొన్నటి వానకు ఆ నీళ్ళు మా పొలం మూలకు వచ్చి అక్కడ వరి మాడిపోయింది. జేసీబీ పెట్టి రెండడుగుల ఎర్రమట్టి కప్పేద్దామని మా బావ అంటున్నాడు. మధ్యవర్తి మళ్ళీ వచ్చి ఇంకో లక్ష ఇస్తా, గొడవ వద్దంటున్నాడు. కంప్లైంట్ ఇస్తే బాబాయి మీదే కేసు పడుతుందని పిన్ని ఏడుస్తోంది. ఆ మట్టిని బాగు చేయొచ్చా? ఎవరు చేయాలి? మా తమ్ముడు ఒక లారీ నంబర్ స్కూల్ నోట్‌బుక్‌లో రాసి పెట్టాడు. దానితో ఏమైనా పనుందా?
– ఒక రైతు కొడుకు

సమాధానం: ముందు ఆ జేసీబీని ఆపండి. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

మీ బావగారి ఆలోచన కొత్తదేమీ కాదు. కంటికి కనబడకుండా, ముక్కుకు తగలకుండా ఉంటే పీడ విరగడైందనుకుంటాం. కానీ జేసీబీ తొట్టి తగిలితే ఇప్పటిదాకా గట్టిగా ఉన్న డ్రమ్ములు కూడా పగులుతాయి. పైన పోసిన ఎర్రమట్టి వాననీటిని ఆపదు. నీళ్ళు దానిలోంచి ఇంకి, అడుగున ఉన్న జిగటను కడిగి ఇంకా కిందికి దించుతాయి. క్వారీ గుంత అన్నారు కదా, దాని అడుగున రాతి పగుళ్ళుంటాయి. మీ వైపు నేల గట్టి రాయి. మీ బోరుకు నీళ్ళొచ్చేది కూడా అలాంటి పగుళ్ళలోంచే. డ్రమ్ములు ఇప్పుడు పైనే ఉన్నాయి కాబట్టి లెక్క పెట్టొచ్చు, ఫొటో తీయొచ్చు, ఎత్తి తీసుకుపోవచ్చు. కప్పేశాక లెక్కా ఉండదు, సాక్ష్యమూ ఉండదు. మధ్యవర్తికి కావాల్సింది కూడా సరిగ్గా అదే. ఆ లక్ష ఆయన ఎందుకు ఇస్తానంటున్నాడనుకున్నారు?

మట్టి కప్పితే ఏమవుతుందో చెప్పడానికి రాజస్థాన్‌లో ఉదయ్‌పూర్ దగ్గర బిచ్రీ అనే ఊరు ఉంది. 1988 ప్రాంతంలో అక్కడ అద్దకం రంగుల్లో వాడే హెచ్-యాసిడ్ తయారీ మొదలైంది. ఏడాది తిరిగేలోపే ఊరు తిరగబడింది, ఆ ప్లాంటు మూతపడింది. కానీ సుమారు 2,440 టన్నుల స్లడ్జ్, అంటే బురద లాంటి వ్యర్థం, ఆవరణలోనే ఉండిపోయింది. దాన్ని గుంతల్లో భద్రపరచమంటే 720 టన్నులు మాత్రమే గుంతల్లోకి వెళ్ళాయి. మిగతాది అక్కడక్కడా చల్లేసి పైన మట్టి కప్పేశారు. వానలు తమ పని తాము చేశాయి. దాదాపు 350 హెక్టార్ల మేర 60 బావుల్లో నీళ్ళు రంగు మారి, మనుషులకే కాదు పశువులకూ పొలానికీ పనికిరాకుండా పోయాయి. 1996 ఫిబ్రవరిలో ఆ కేసులో తీర్పు రాసింది మన తెలుగువారే, జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి. పాడు చేసినవాడే నష్టపరిహారంతో పాటు నేలను, నీటిని మళ్ళీ బాగు చేసే ఖర్చు కూడా పెట్టుకోవాలన్నారు. జాగ్రత్తగా ఉన్నామన్న సాకు కూడా చెల్లదన్నారు. ఈ రోజు మన దేశంలో ఇలాంటి ప్రతి కేసులో లాయర్లు పట్టుకెళ్ళేది ఆ తీర్పునే.

రెండో సగం కూడా చెప్పాలి, లేకపోతే మీకు అబద్ధం చెప్పినట్టవుతుంది. ఆ డబ్బు కట్టకుండా కంపెనీ పిటిషన్ మీద పిటిషన్ వేసుకుంటూ పోయింది. 37.385 కోట్లు, దాని మీద 12 శాతం చక్రవడ్డీ కట్టాల్సిందేనని సుప్రీంకోర్టు మళ్ళీ గట్టిగా చెప్పింది 2011లో. కేసు వేసింది 1989లో. అందుకే కోర్టు దాకా పోకముందే, డ్రమ్ములు పైన ఉండగానే పని జరగాలని నేను ఇంత ఒత్తి చెబుతున్నాను.

ఇక మీ పిన్నిగారి భయం సంగతి. అది ఉత్త భయం కాదు. ప్రమాదకర వ్యర్థాల మీద 2016 నాటి కేంద్ర నిబంధనలున్నాయి. వాటిలో బాధ్యుడంటే ఫ్యాక్టరీ నడిపేవాడే కాదు, ఆ వ్యర్థం ఎవరి స్వాధీనంలో ఉంటే వాళ్ళు కూడా. బాబాయి భూమిలో, బాబాయి ఒప్పుకుంటే పోశారు. డబ్బు కూడా ముట్టింది. నోరు మెదపకుండా కూర్చుంటే, రేపు ఎవరో ఫిర్యాదు చేస్తే, ముందు నోటీసు వచ్చేది ఆయనకే. లారీ ఎవరిదో, కంపెనీ ఏదో తేలకపోతే ఆయన ఒక్కడే దొరుకుతాడు. అందుకే మొదటి ఫిర్యాదు ఆయన సంతకంతోనే వెళ్ళాలి. బూడిద అని చెప్పి నన్ను మోసం చేశారు, నలభై వేలు ఇచ్చారు, ఫలానా తారీఖుల్లో రాత్రిళ్ళు లారీలు వచ్చాయి అని జరిగింది జరిగినట్టు రాయాలి. నలభై వేల సంగతి దాచొద్దు. దాస్తే తర్వాత మధ్యవర్తే బయటపెడతాడు, అప్పుడు మిగతా మాటలన్నీ కూడా ఎవరూ నమ్మరు. కేసులో ఆయన పేరు రానే రాదని నేను హామీ ఇవ్వలేను. కానీ ముందు చెప్పినవాడికీ, పట్టుబడ్డవాడికీ చాలా తేడా ఉంటుంది. ఆ లక్ష మాత్రం ముట్టుకోవద్దు. మొదటిసారి మోసపోయానంటే నమ్ముతారు, రెండోసారి తీసుకుంటే తెలిసే చేశాడంటారు.

మీ తమ్ముడు రాసుకున్న నంబర్ బంగారం లాంటిది. ఎందుకో చెబుతాను. కెమికల్ వ్యర్థం ఫ్యాక్టరీ గేటు దాటితే దాని వెంట ఒక కాగితం నడవాలి. దాన్ని మానిఫెస్ట్ అంటారు, ఏడు రంగుల్లో ఏడు కాపీలుంటాయి. తెల్లది కాలుష్య నియంత్రణ మండలికి, పసుపుది పంపినవాడి దగ్గర ఉండేది, మిగతా ఐదూ లారీతో వెళ్ళాలి. దించుకున్నవాడు గులాబీది ఉంచుకుని, ఆకుపచ్చది మండలికీ నీలంది పంపినవాడికీ తిప్పి పంపాలి. అంటే లారీ ఎక్కడ బయల్దేరింది, ఎక్కడ దించింది అన్నది రెండు వైపుల నుంచీ సరిచూడొచ్చు. మీ ఊరికి వచ్చిన లారీకి ఆ కాగితాలు ఉండవు, లేదా ఉన్నా వాటిలో మీ ఊరి పేరు ఉండదు. ఆ నంబరుతో ఆర్టీఏలో ఓనర్ ఎవరో తెలుస్తుంది. ఓనర్ దొరికితే ఆ వారం ఏ ఫ్యాక్టరీకి తిరిగాడో, టోల్ గేట్లలో ఎక్కడ కనిపించాడో పోలీసులు తీయగలరు. డ్రమ్ముల మీద చిరిగిన లేబుల్, బ్యాచ్ నంబర్ లాంటివి కనిపిస్తే దూరం నుంచి ఫోన్ జూమ్ చేసి తీయండి. దగ్గరికి వెళ్ళి తుడిచి చూడొద్దు.

శాంపిల్ మీరే తీసి ల్యాబ్‌కి పంపుదామనుకుంటారేమో. నేను చాలా ఏళ్ళు ఒక ల్యాబ్‌లో పనిచేశాను. ఒకసారి ఒక పెద్దాయన బస్సులో రెండు గంటలు ప్రయాణం చేసి, ఇలాంటి మట్టినే పాలిథిన్ కవర్‌లో కట్టి తెచ్చాడు. కవర్ విప్పితే మామూలు తడిమట్టి వాసన తప్ప ఏమీ లేదు. సాల్వెంట్లు, అంటే తేలిగ్గా ఆవిరైపోయే కెమికల్ ద్రవాలు, దారిలోనే ఎగిరిపోయాయి. రిపోర్ట్‌లో ‘కనుగొనబడలేదు’ అని వచ్చింది. ఆ కాగితాన్ని తర్వాత ఎదుటివాళ్ళే చూపించుకుని తిరిగారు. ఆయన మొహం నాకు ఇంకా గుర్తుంది. అలాంటి మట్టిని గాజు సీసాలో, గాలి మిగలకుండా అంచు దాకా నింపి, బిగుతు మూత పెట్టి, ఐస్ పెట్టెలో తేవాలి. అన్నిటికంటే ముఖ్యం, కోర్టులో నిలబడే శాంపిల్ అధికారి తీసిందే. పర్యావరణ పరిరక్షణ చట్టం, 1986లో దానికి పద్ధతి ఉంది: నోటీసు ఇవ్వాలి, ఎదురుగా తీయాలి, సీల్ వేసి సంతకాలు పెట్టాలి. అధికారులు వచ్చిన రోజు మీ నాన్నగారు, ఇద్దరు ఊరి పెద్దలు అక్కడ ఉండి పంచనామా చదివాకే సంతకం పెట్టండి. గుంత నుంచే కాదు, మీ పొలం మూల నుంచి, బోరు నీటి నుంచి కూడా తీయమని అడగండి. కొంచెం దూరంలో పాడుకాని చేను మట్టి ఒకటి తీసుకోమనండి. పోల్చి చూడ్డానికి అది లేకపోతే ‘మీ ఏరియా నేలే అంత’ అనేస్తారు.

మన రైతులకు తెలిసిన సాయిల్ హెల్త్ కార్డు ఇక్కడ పనికిరాదు. అది చూసేది నత్రజని, భాస్వరం, పొటాష్, జింకు లాంటి 12 అంశాలు. పైరుకు ఏం తక్కువైందో చెబుతుంది గానీ నేలలో ఏ విషం ఉందో చెప్పదు. పంచాయతీలో ఉండే నీళ్ళ టెస్ట్ కిట్ కూడా అంతే, ఫ్లోరైడ్ చూస్తుంది, టోలీన్ లాంటి సాల్వెంట్లను చూడదు. వాటిలో ‘బాగుంది’ అని వస్తే ధీమా పడొద్దు.

మట్టిని బాగు చేయొచ్చా అన్నారు. చేయొచ్చు, కానీ అందులో ఏముందో తెలిశాకే. శుద్ధి అనే మాట వినడానికి ఒకటే గానీ లోపల పదిరకాలు. ఆయిల్ కారిన నేలకు దాన్ని తినే సూక్ష్మజీవులను కలిపి, తిరగేసి, తడి చూసుకుంటూ నెలల తరబడి ఓపిక పడితే ఫలితం వస్తుంది. సీసం, క్రోమియం లాంటి లోహాలను ఏ సూక్ష్మజీవీ తినలేదు. వాటిని సిమెంటు, సున్నం, బూడిద లాంటివి కలిపి నీటికి కరగకుండా గట్టిపరచి, అడుగున బంకమట్టి, ప్లాస్టిక్ పొరలు వేసిన ప్రత్యేక గుంతలో పెడతారు. ఫార్మా రియాక్టర్ల అడుగున మిగిలే నల్ల జిగట లాంటిదైతే కాల్చడమే దారి. వెయ్యి డిగ్రీలు దాటిన వేడిలో ఇన్సినరేటర్‌లో కాలుస్తారు, లేదా సిమెంటు ఫ్యాక్టరీ బట్టీకి పంపుతారు. మీకు దగ్గర్లో దుండిగల్‌లో ఇలాంటి వ్యర్థాల కోసం పెట్టిన కేంద్రం ఉంది. మీ గుంతలో పడాల్సిన సరుకు కాదది, అలాంటి చోటికి వెళ్ళాల్సిన సరుకు. అక్కడ టన్నుకు ఇంత అని కట్టాలి. అది మిగుల్చుకోవడానికే నలభై వేలతో మీ బాబాయి దగ్గరికి వచ్చారు.

కాల్చినా మాయమైపోదు. భోపాల్ యూనియన్ కార్బైడ్‌లో మిగిలిన 337 టన్నుల సరుకును 2025 జనవరిలో పన్నెండు కంటైనర్లలో అదే మధ్యప్రదేశ్‌లోని పీథంపూర్‌కు కాల్చడానికి తరలించారు. గ్యాస్ ప్రమాదం జరిగిన నలభై ఏళ్ళకు! ఆ ఏడాది మధ్యకల్లా కాల్చేశారు. సున్నం వగైరా కలపడం వల్ల చివరికి మిగిలిన బూడిద, అవశేషాలు కాల్చిన సరుకు కంటే ఎక్కువ బరువు తూగాయి. పైగా అది సంచుల్లో ఉన్న సరుకు మాత్రమే. ఫ్యాక్టరీ చుట్టూ నేలలోకి ఇంకిందాని లెక్క వేరే. మీ దగ్గర కూడా ఈ రెండూ వేర్వేరు పనులే అని గుర్తుంచుకోండి. డ్రమ్ములు ఎత్తుకెళ్ళి ‘అయిపోయింది’ అంటారు. కాదు. తడిసిన మట్టిని కూడా తవ్వాలి. విషం పరిమితి దాటి ఉంటే ఆ తవ్విన మట్టి కూడా ప్రమాదకర వ్యర్థమే, అదీ మానిఫెస్ట్ మీదే వెళ్ళాలి. తవ్విన గుంత గోడల నుంచి, అడుగు నుంచి మళ్ళీ శాంపిళ్ళు తీసి బాగుందని తేలాకే కొత్త మట్టి నింపాలి. చెడ్డ మట్టిలో మంచి మట్టి కలిపి పలచన చేయడం శుద్ధి కాదు, మోసం. ఎంత శుభ్రం చేస్తే చాలన్నది ఆ నేలను దేనికి వాడతారన్న దాన్ని బట్టి ఉంటుంది. ఫ్యాక్టరీ షెడ్డు కింద నేలకు సరిపోయే లెక్క వరి చేనుకు సరిపోదు. ‘ఇది వ్యవసాయ భూమి’ అని పాస్‌బుక్ జిరాక్స్‌తో సహా మొదటి అర్జీలోనే రాయండి.

ఎవరు చేయాలన్నదానికి ఇప్పుడు విడిగా ఒక నిబంధనావళి వచ్చింది, 2025 జులైలో, కలుషిత స్థలాల కోసం. దాని ప్రకారం అనుమానం ఉన్న చోట్ల జాబితాను స్థానిక సంస్థగానీ జిల్లా యంత్రాంగంగానీ పంపాలి. రాష్ట్ర మండలి 90 రోజుల్లో ప్రాథమికంగా పరిశీలించాలి. అనుమానం నిజమైతే మరో మూడు నెలల్లో లోతైన సర్వే చేయాలి. బాధ్యులెవరో తేల్చి ఖర్చు వాళ్ళతో పెట్టించాలి, వాళ్ళు దొరక్కపోయినా కట్టలేకపోయినా ప్రభుత్వాలు చేయించాలి. ఇంతవరకూ బాగుంది. నాకు నచ్చనిది ఏంటంటే, పరిశీలనకు గడువుంది, సర్వేకు గడువుంది, అసలు శుద్ధి ఎప్పటికి పూర్తి కావాలన్నదానికి గడువు లేదు. బోర్డు పాతి, కంచె వేసి, ఏళ్ళ తరబడి వదిలేయడానికి అంత సందు చాలు. అందుకే జాబితాలో పేరెక్కించడంతో ఆగకుండా, డ్రమ్ములను వెంటనే తరలించమన్న డిమాండ్‌ను విడిగా పెట్టండి.

దానికి ఎవరూ పెద్దగా వాడని ఒక దారి ఉంది. జనానికి హాని చేసే దాన్ని తొలగించమని ఆర్డీవో స్థాయి అధికారి ఉత్తర్వు ఇవ్వొచ్చు. పాత సీఆర్‌పీసీలో 133వ సెక్షన్, ఇప్పటి నాగరిక్ సురక్షా సంహితలో 152. అర్జీలో ఆ నంబర్ రాస్తే కాగితం కాస్త వేగంగా కదులుతుంది. పోలీస్ స్టేషన్‌లో విషపదార్థాల విషయంలో నిర్లక్ష్యానికి న్యాయ సంహిత 286వ సెక్షన్ ఉంది. శిక్ష ఆర్నెల్లే, అదేం పెద్దది కాదు. కానీ ఎఫ్ఐఆర్ అయితే లారీ నంబర్ వెంట పోలీసులు వెళ్ళాల్సి వస్తుంది. మీకు కావాల్సింది అదే. పర్యావరణ చట్టం కింద ఒకప్పుడు ఐదేళ్ళ జైలు ఉండేది, 2024 ఏప్రిల్ నుంచి చాలా తప్పులకు దాన్ని తీసేసి పదివేల నుంచి 15 లక్షల దాకా జరిమానాగా మార్చారు. పెద్ద కంపెనీకి 15 లక్షలు ఒక లెక్కా అని మీరు అడిగితే నా దగ్గర జవాబు లేదు.

అందువల్ల జరిమానా కంటే పరిహారం, పునరుద్ధరణ మీద దృష్టి పెట్టండి. దానికి పర్యావరణ కేసుల కోసమే పెట్టిన జాతీయ హరిత ట్రిబ్యునల్ ఉంది, మన రెండు రాష్ట్రాలూ చెన్నై బెంచి కిందికి వస్తాయి. పంట, భూమి నష్టానికి ఐదేళ్ళ లోపు వెళ్ళొచ్చు. కానీ కొన్ని రకాల వివాదాలకు ఆర్నెల్లే గడువు కాబట్టి మొదటి లారీ వచ్చిన తారీఖు నుంచి లెక్క పెట్టుకోండి. లాయర్ ఖర్చుకు భయపడొద్దు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్తే ఆదాయాన్ని బట్టి ఉచితంగా లాయర్‌ను ఇస్తారు. మీ అమ్మగారి పేరున అర్జీ పెడితే ఆదాయం కూడా అడగరు, ఆడవాళ్ళందరికీ అది వర్తిస్తుంది.

ఈలోపు ఇంట్లో. రిపోర్ట్ వచ్చేదాకా ఆ బోరు నీళ్ళు తాగడానికీ వంటకూ వాడకండి. మాడిన మూల నుంచి గడ్డి కోసి గేదెలకు వేయొద్దు, ఆ మూల వరిని మిగతా పంటలో కలపకుండా విడిగా ఉంచండి, తగలబెట్టొద్దు. గుంత వైపు నుంచి నీళ్ళు రాకుండా మీ గట్టు లోపలి వైపు, మీ మట్టితోనే, ఒక అడుగు కట్ట వేసుకోవచ్చు. గుంతలోకి మాత్రం దిగొద్దు. పిల్లలు ఖాళీ డ్రమ్ములు తెచ్చుకోకుండా చూడండి, మన పల్లెల్లో నీలం డ్రమ్ము కనిపిస్తే నీళ్ళకు పట్టుకుపోవడం అలవాటు. మీ పిన్నిగారి దొడ్లో ఇప్పటికే ఒకటి ఉందేమో చూడండి. నవ్వులాటకు అనడం లేదు, నేను వెళ్ళిన ఒక ఊళ్ళో అలాంటి డ్రమ్ములో కుడితి కలుపుతున్నారు.

సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటుంది. బాబాయిని ముందు నిలబెట్టి అర్జీ ఇప్పించండి. కాపీలు ఆర్డీవోకు, కాలుష్య మండలి ప్రాంతీయ కార్యాలయానికి, పోలీస్ స్టేషన్‌కు ఇచ్చి ప్రతిదాని మీదా ముద్ర వేయించుకోండి. తమ్ముడి నోట్‌బుక్‌లోంచి ఆ పేజీ చింపొద్దు. ఫొటో తీసుకుని పుస్తకం మొత్తం పట్టుకెళ్ళండి. ఆ పేజీకి ముందూ వెనకా తారీఖులతో హోంవర్క్ ఉంటుంది కదా, నంబర్ ఏ రోజు రాశాడో చెప్పడానికి అదే సాక్ష్యం.